ఇంటిపేరుకు గడి లేదు

డర్బన్ నుంచి నాకు వచ్చిన మొదటి మెసేజీలో ఒక ఫొటో ఉంది. పాత రిజిస్టరులో ఒక పేజీ, అడ్డంగా తీసింది. ఇంగ్లీషులో కలిపిరాత, ఇరవై పైచిలుకు పేర్లు, ఒక వరస కింద పెన్సిలు గీత. దాని కింద ఆమె రాసిన మాట: "ఈయన మా తాతగారి నాన్న. ఈ ఊరు ఎక్కడుందో మీరు చెప్పగలరా?"

నేను అనకాపల్లి పక్కన ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మా ఊరబ్బాయి ఒకడు డర్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి గుడిలో పరిచయమైన ఆమెకు నా నంబరు ఇచ్చాడు, "మా టీచరుగారికి పాత ఊళ్ల సంగతులన్నీ తెలుసు" అని. అన్నీ తెలియవు. కానీ ఆ పేజీ చూశాక ఊరుకోలేకపోయాను. దానికి నా కారణం నాకుంది. మా ముత్తాత తమ్ముడు ఒకాయన రంగం ఓడెక్కి పోయాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఏడాది పోయాడో, రంగూనులో ఏ మిల్లులో చేశాడో, ఎక్కడ చనిపోయాడో చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. "రంగం పోనాడు" అన్న ఆ మాటే మాకు మిగిలింది. అలాంటిది, నూటముప్పై ఏళ్ల కిందట ఓడెక్కిన ఒక కూలీకి పేరు, వయసు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చతో సహా ఒక వరస ఉందంటే నాకు అసూయ లాంటిది కూడా కలిగింది.

ఈ వెతుకులాట ఎలా సాగిందో రాస్తున్నాను. దక్షిణాఫ్రికాలోనూ ఇక్కడా ఇదే పని మీద ఉన్నవాళ్లకు అక్కరకొస్తుంది. ఆ కుటుంబం కోరిక మీద ఓడ పేరూ, ఆయన నంబరూ, ఊరు ఏదన్నదీ రాయడం లేదు.

మొదట ఆమె అసలు ఊరి కోసం వెతకలేదు. ఆమెకు కావలసింది ఓసీఐ కార్డు, విదేశాల్లో ఉన్న భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది. భారతదేశం నుంచి వెళ్లినవాళ్ల మునిమనవల దాకా ఆ కార్డుకు అర్హత ఉంది. కాకపోతే ముత్తాత ఇక్కడివాడేనని కాగితం చూపించాలి. నేటాలు, అంటే డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిషు వలస, అక్కడికి వెళ్లినవాళ్ల విషయంలో ఆ కాగితం ఓడ జాబితాయే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు, మధ్యలో 1866 నుంచి 1874 దాకా ఆగినా, 1,52,184 మంది గిర్మిట్ కూలీలు, అంటే ఒప్పందం మీద వెళ్లినవాళ్లు, నేటాలులో దిగారు. మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే, అందులో మనవాళ్లు వేలమంది. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు వేశారు. కలోనియల్ నంబరు అంటారు దాన్ని.

వెతకడానికి ఆ నంబరే దారి. ఈ సంగతి తెలియకే ఆమె మొదటి ఎనిమిది నెలలు పోగొట్టుకుంది. ముత్తాత పేరు చెప్పి ఒక కార్యాలయంలో నకలు అడిగితే, డబ్బు కట్టించుకుని, ముద్ర వేసి ఒక కాగితం ఇచ్చారు. తీరా చూస్తే అది ఉత్తర ఆర్కాటు జిల్లా మనిషిది. పేరొకటే, మనిషి వేరు. మన పేర్లు ఆ జాబితాల్లో ఎన్నిసార్లు వస్తాయో చెప్పలేం. రాముడు, అప్పన్న, గురవయ్య, లక్ష్మి. ఒక్క ఓడలోనే ముగ్గురు నలుగురు ఉంటారు. మళ్లీ దరఖాస్తు, మళ్లీ డబ్బు, మళ్లీ ఎదురుచూపు. "ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాను" అంది నాతో ఫోనులో.

తర్వాత ఎవరో చెప్తే వెనక నుంచి రావడం మొదలుపెట్టింది. ముందు తన జనన పత్రం, తర్వాత నాన్నది, తర్వాత తాతది. తాత పుట్టినప్పటి కాగితంలో తండ్రి పేరు పక్కన చిన్న అంకెల్లో ఆ నంబరు ఉంది. గిర్మిట్ తీరాక కూడా అది మనిషిని వదల్లేదు. పెళ్లి నమోదు చేసుకున్నా, బిడ్డ పుట్టినా, చివరికి చనిపోయినా పేరు పక్కన అదే. ఆ నంబరు పట్టుకుని జాబితాలో వెతికితే ఒకే మనిషి దొరికాడు. కాబట్టి ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున ఉన్న కాగితాలతోనే మొదలుపెట్టండి. పేరుతో వెళ్లకండి.

ఓసీఐ పని అక్కడితో అయిపోయింది. ఆమె మనసు మాత్రం ఊరి గడి మీద నిలిచిపోయింది.

నేను ఆ పేజీని ప్రింటు తీయించి, భూతద్దం పెట్టి, రెండు రాత్రులు కూర్చున్నాను. నిలువు గడులు ఎడమ నుంచి కుడికి ఇలా ఉన్నాయి: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. నాకు ముందు తట్టింది లేని గడి. ఇంటిపేరుకు గడి లేదు. మద్రాసు గుమాస్తాకు దాని అవసరం కనిపించి ఉండదు. అరవం వాళ్లకు మనలాగ ఇంటిపేరు లేదు, తండ్రి పేరు చాలు. మనకు అలా కాదు కదా. ఊళ్లో పది మంది అప్పన్నలుంటే ఎవరి అప్పన్నో చెప్పేది ఇంటిపేరే. పెళ్లి సంబంధం చూడాలన్నా, ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలన్నా ముందు అడిగేది అదే. ఓడ మెట్ల దగ్గర అది రాలిపోయింది. అక్కడికి వెళ్లాక తండ్రి పేరే తర్వాతి తరానికి ఇంటిపేరై కూర్చుంది. ఈ రోజు డర్బన్‌లో అప్పల్సామి అన్నది ఇంటిపేరు. మా అప్పలస్వామే. సింహాచలం అప్పన్న పేరు. ఆమెదీ అలాంటి ఇంటిపేరే. చూడగానే "అక్కా, మీరు మావైపువాళ్లే, ఈ పేరు గోదావరి దాటితే అంతగా వినపడదు" అని మెసేజీ పెట్టాను. ఆమె వెంటనే ఫోను చేసింది. వాళ్ల నాయనమ్మ ఏదైనా విని ఆశ్చర్యపోతే ఒక మాట అనేదట, దానికి అర్థం ఇంట్లో ఎవరికీ తెలియదట. "ఓలమ్మో" అని పలికింది. ఆ యాసలోనే పలికింది. నాకు కాసేపు నోట మాట రాలేదు.

జిల్లా గడిలో విజగపటాం అని ఉంది. ఇందులో చిక్కు లేదు, కానీ జాగ్రత్త కావాలి. ఆయన ఓడెక్కిన 1890లో విశాఖ జిల్లా అంటే ఇప్పటి విజయనగరం, పార్వతీపురం, ఒడిశాలోకి వెళ్లిన కోరాపుట్ కొండలు కూడా. శ్రీకాకుళం మాత్రం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది, చికాకోల్ అని రాసేవాళ్లు. అటు చిత్తూరు వైపువాళ్లు వెతికేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చిత్తూరు జిల్లా 1911లోగానీ ఏర్పడలేదు. పలమనేరు, చంద్రగిరి మనుషులంతా ఈ జాబితాల్లో ఉత్తర ఆర్కాటు కింద ఉంటారు. దాన్ని చూసి మనవాళ్లు తమిళులేమో అనుకుని పేజీ తిప్పేసిన తెలుగు కుటుంబాలున్నాయి.

తాలూకా గడి చదవడానికే ఒక రోజంతా పట్టింది. ఎస్ తర్వాత యు, ఆర్, వి, తర్వాత గీతలు. సుర్వసిద్ది. నాకు తెలిసిన తాలూకాల్లో అది లేదు. మా స్టాఫ్ రూములో పెద్దాయన ఒకరు టీ తాగుతూ, "సర్వసిద్ధి తాలూకా కదమ్మా, కచేరీ ఎలమంచిలిలో ఉండేది" అని తేలిగ్గా అనేశారు. సర్వసిద్ధి అనే ఊరు ఇప్పటికీ ఉంది. పెద్ద ఊరు పేరు పెట్టకుండా ఆ తాలూకాకు ఆ పేరే పెట్టారు. ఆయన అన్న ఆ ఒక్క మాటతో వెతకాల్సిన నేల జిల్లా నుంచి నాలుగు మండలాలకు తగ్గిపోయింది. కులం గడిలో గవర అని ఉండటం కూడా దానికి సరిపోయింది. గవరలు ఎక్కువగా ఉండేది మా అనకాపల్లి చుట్టుపక్కలే. చెరకు పండించడం, బెల్లం వండటం వాళ్లకు తరతరాల పని. నేటాలు తెల్లదొరలు చెరకు తోటల కోసమే మనుషుల్ని తెప్పించుకున్నారు. అక్కడ ఆయన పట్టింది అలవాటైన కత్తే అయి ఉంటుందని నా నమ్మకం. గట్టు మాత్రం పరాయిది.

ఇక ఊరి పేరు కొత్తూరు. ఆమెకు అది చెప్పినప్పుడు ఎంత సంతోషించిందో! నాకు మాత్రం గుండె జారిపోయింది. ఏ పల్లెకు జనం పెరిగినా, చెరువు గండిపడి ఇళ్లు మార్చినా పక్కన వెలిసేది కొత్తూరే. నాకు తెలిసినవే మా చుట్టూ నాలుగున్నాయి.

ఆయన ఎలా వెళ్లి ఉంటాడో అన్నది నేను కొంత కట్టుకున్నాను. 1890 మనిషికి ఇక్కడ రైలు లేదు. వాల్తేరుకు రైలు 1893లో వచ్చింది. అంటే మద్రాసు పోవాలంటే విశాఖలోనో భీమిలిలోనో తీరం వెంట తిరిగే స్టీమరు ఎక్కాలి, లేదా నడవాలి. అంతకుముందు ఏడాదే పక్కన గంజాంలో కరువు. అప్పుడు కూలీలను కూడగట్టే మనిషి ఊరికొచ్చి పది షిల్లింగుల జీతం, అన్నం, బట్ట అంటే ఇరవై రెండేళ్ల కుర్రాడు ఏమనుకుంటాడు? ఐదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెరుగుతుంది. ఎక్కించే ప్రతి వందమంది మగవాళ్లకూ నలభై మంది ఆడవాళ్లుండాలని షరతు. మద్రాసు డిపోలో ఓడ నిండేదాకా ఉంచి, డాక్టరు చూసి, పేర్లు రాసి పంపేవారు.

మద్రాసు రేవు 1881 తుపానులో కొట్టుకుపోయి అప్పటికింకా బాగుపడుతూనే ఉంది. అన్నాళ్లూ ఒడ్డు నుంచి దూరాన లంగరేసిన ఓడ దాకా మనుషుల్ని చేర్చింది మసూలా పడవలే. మేకు అన్నది లేకుండా చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవ అది. అల కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా పడవ గురించే చెప్పేదాన్ని. ఈసారి చెబుతుంటే దాని అంచు పట్టుకుని కూర్చున్న కుర్రాడు నాకు కనపడ్డాడు.

జాబితా తలకట్టులో ఓడ బయలుదేరిన తేదీ, చేరిన తేదీ రెండూ ఉన్నాయి. ఇరవై రెండు రోజులు. తెరచాప ఓడ ట్రూరోకు 1860లో ఐదు వారాలు పట్టింది. ఆవిరి ఓడ వచ్చాక ప్రయాణం తగ్గింది గానీ, దిగాక జరిగేది మారలేదు. ముందు ఆరోగ్యాధికారి ఓడెక్కి చూస్తాడు. తర్వాత డిపో, అక్కడ నంబర్లు, ఆపైన యజమానుల మధ్య పంపకం. ఆయన వరస పక్కన ఉత్తర తీరంలో ఒక చెరకు ఎస్టేటు పేరుంది.

ఇక్కడొక మాట చెప్పకుండా ఉండలేను. 1896 డిసెంబరులో బొంబాయి నుంచి కూర్లాండ్, నాదెరీ అనే రెండు ఓడలు డర్బన్ వచ్చాయి. అందులో ఉన్నవాళ్లు సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కున్నవాళ్లు, గాంధీ కుటుంబంతో సహా. బొంబాయిలో ప్లేగు ఉందని వాళ్లను మూడు వారాలకు పైగా నీళ్ల మీదే ఆపేశారు. 1897 జనవరి 13న దిగితే గాంధీని వీధిలో కొట్టారు. కూలీగా వచ్చినవాడికి గేటు తెరిచారు, మనిషిగా వచ్చినవాడికి మూశారు. ఐదేళ్లు తీరాక కూలీ కూడా అక్కడే ఉండిపోవడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. 1895 చట్టంతో, ఆ తర్వాత వచ్చినవాళ్లు గిర్మిట్ తీరాక ఉండాలంటే ఏటా మూడు పౌండ్లు కట్టాలన్నారు. నెలకు పన్నెండు షిల్లింగులొచ్చేవాడికి అది ఐదు నెలల జీతం. ఈయన 1890లోనే దిగాడు కాబట్టి అది ఆయనకు తగల్లేదు. తోటకూర, వంకాయ పండించి అమ్ముకుని బతికాడట. ఆ ఐదేళ్ల తేడాయే ఈ కుటుంబాన్ని అక్కడ నిలబెట్టిందని నేననుకుంటాను.

కిందటి జనవరిలో సంక్రాంతి ముందు ఆమె వచ్చింది. అరవై దాటిన మనిషి, పంజాబీ డ్రస్సు, నుదుట పెద్ద బొట్టు. డర్బన్‌లో ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. వాళ్ల క్లాసులకు వెళ్లి అక్షరాలు నేర్చుకుందట. బస్సు మీది బోర్డులు కూడబలుక్కుని చదువుతుంటే నాకు ముచ్చటేసింది. వాళ్ల దేశ రాజ్యాంగంలో తెలుగు పేరు ఉందని చెప్పింది ఆ దారిలోనే. ఆ గర్వం ఆమె గొంతులో వినాలి.

నాలుగు కొత్తూళ్లలో రెండు సర్వసిద్ధి తాలూకాలోవి కావు, వాటిని ముందే తీసేశాను. మిగిలిన రెండిట్లో ఒకదాన్లో గవరలు లేరు. నాలుగోదానికి ఆటోలో వెళ్లాం. అంతకు ముందే నేను పాత భూమి రికార్డులు చూశాను. జమీందారీ ఊళ్లకు అంత పాత రికార్డు దొరకడం కష్టం. సర్వసిద్ధి సర్కారు తాలూకా కాబట్టి డైగ్లాటు, అంటే రెండు భాషల్లో రాసిన పాత భూమి రిజిస్టరు, దొరికింది. కానీ అందులో ఆ తండ్రి పేరు లేదు. కూలికి పోయినవాడి ఇంటికి సర్వే నంబరు ఎక్కడిది?

రామకోవెల అరుగు మీద జనం పోగయ్యారు. నేను కాగితం చదివి చెప్పాను. పేరు, తండ్రి పేరు, 1890. అందరూ తలలూపారు, ఎవరికీ తెలియదు. ఇంటిపేరేంటని ఒకాయన అడిగాడు. లేదన్నాను. "ఇంటిపేరు నేకుండా ఎలా సెప్తామండీ" అన్నాడు నొచ్చుకుంటూ. ఆయన తప్పేం లేదు.

చివరి గడి కూడా చదివాను. పొట్ట మీద మచ్చలు, అని ఉంది. ఆ ముక్క నాకు మొదటి నుంచీ అర్థం కాలేదు. దెబ్బ మచ్చ అయితే ఒకటి ఉండాలి, పొట్ట మీద వరసగా ఏం తగులుతుంది? ఎస్టేటులో కొట్టారేమో అని ఆమె చాలా రోజులు బాధపడిందట. కానీ ఇది ఓడెక్కకముందు రాసింది.

అరుగు చివర కూర్చున్న ఒక మామ్మ చెయ్యెత్తింది. ఎనభై ఐదు పైన ఉంటాయి. "అది వాతే" అంది. "పసిగుడ్డు పక్కలెగరేత్తే పొట్ట మీద వాతలెట్టేవోరు. పసుపుకొమ్ము కాల్చి అమ్మే ఎట్టేది. మా తమ్ముడికీ ఉన్నాయి, మూడు." వేళ్లు మూడు మడిచి తన పొట్ట మీద ఆనించి చూపించింది.

నేను ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. ఊపిరి అందక పక్కటెముకలు ఎగరేస్తున్న బిడ్డను బతికించుకోవాలని కాల్చిన వాతలు అవి అని. తల్లి చేతివే అయి ఉండొచ్చని. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ కాగితం మీద ఆ గడి దగ్గర బొటనవేలు పెట్టి అలాగే ఉంచింది. పోలిక కోసం గుమాస్తా రాసుకున్న ఆ రెండు ముక్కల్లో ఆ తల్లి ఉందని ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టయింది. ఆ వరసలో ఎక్కడా తల్లి పేరుకు కూడా గడి లేదు.

మామ్మ మమ్మల్ని ఇంటికి తీసుకెళ్లి అరిసెలు పెట్టింది. వాళ్ల మామగారి వైపు ఒకాయన "రంగం ఎల్లిపోనాడు, మరి రానేదు" అని అత్తగారు అనేవారట. రంగమేనా అని అడిగాను. "ఏమో తల్లీ, ఓడెక్కినోడల్లా మాకు రంగం పోనోడే" అంది. ఈయనే ఆయన అని చెప్పడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు. ఆమెకు అదే చెప్పాను, ఆశ పెట్టకుండా. ఆమె తలూపి, మామ్మ ఇంటిపేరు అడిగి, తన పుస్తకంలో తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకుంది.

తిరిగి వచ్చాక ఆ పేజీ మళ్లీ తీశాను. ఒకే ఊరివాళ్లు కలిసి డిపోకు వస్తే నంబర్లు పక్కపక్కనే పడతాయని అప్పుడు గుర్తొచ్చింది. రెండు వరసల కింద ఇంకో మనిషి ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు, గవర, సుర్వసిద్ది, కొత్తూరు. తండ్రి పేరు ఆ డైగ్లాటులో చూసిన గుర్తు నాకుంది. రెండెకరాల మెట్ట, ఇంటిపేరుతో సహా. వేసవి సెలవులు రాగానే ఎలమంచిలి వెళ్లి ఆ పేజీ నకలు తీసుకోవాలి. డర్బన్‌లో ఈ రెండో నంబరు వాళ్ల కోసం ఆమె అప్పుడే వెతకడం మొదలుపెట్టింది.